మినిమం బిల్లు

నెల మొదటివారం, భీమిలి రోడ్డు మీద
సరుగుడు తోట దాటాక కుడికి.
గేటు దగ్గర పుస్తకంలో పేరు రాయాలి.
పదకొండేళ్లుగా రాస్తున్నాను,
కాపలా కుర్రాడు మారినప్పుడల్లా
నేను కొత్తవాణ్ణి.

పంచాయతీ కాగితాల్లో ఊరిపేరు నూకాలపేటే.
గేటు మీద ఇత్తడి అక్షరాల్లో ఇంకోటుంది,
నోరు తిరగనిది.
ఉప్పుగాలికి అందులో రెండక్షరాలకి
అప్పుడే చిలుము పట్టింది.

ఒకటో నంబరు: సున్నా యూనిట్లు.
రెండులో ఫ్రిజ్జొకటి
తనలో తానే మూలుగుతోంది.
మూడూ నాలుగూ తాళాలు.
అయిదులో ఈతకొలను మోటారు
ఎవరూ దిగని నీళ్లని రాత్రంతా వడగడుతుంది,
గోడకవతల, పది బారల దూరంలో
అంత సముద్రం ఉండగా.

నా చేతిలో యంత్రం కీచుమని చీటీ కక్కుతుంది.
తలుపు సందులో దోపుతాను.
కిందటి నెల చీటీ ఇంకా అక్కడే,
చెమ్మకి అంకెలన్నీ తెల్లబోయి.

గోడ బయట మైలపల్లి కాసులమ్మ ఉంటుంది.
'ఇచ్చట చేపలు ఎండబెట్టరాదు' అని
కమిటీవాళ్లు బోర్డు పాతారు.
ఆ బోర్డు కర్రకే తాడు కట్టి
సావిడాయిలు వేలాడదీసింది,
వెండి బెల్టుల కొట్టులా.

"ఏటి బాబూ, ఎన్ని అంకెలు రాసినావు?
ఆ అయిదో నంబరోడి గుంట నేదా,
మా పెద్దోడు తెప్ప ఎక్కించిన సోటది.
అమ్మీసినాం. మేవే అమ్మీసినాం.
ఆ డబ్బుల్తోటి ఇంజిను కొన్నాం.
హుద్‌హుద్‌కి ఇంజినెల్లిపోనాది,
డబ్బులెల్లిపోనాయి.
సోటొకటి ఉండిపోనాది,
ఆడి కాడ."
అని పొగాకు చుట్ట అటు తిప్పి నవ్వింది.
నవ్వో దగ్గో.

తొమ్మిదిలో హైమవతిగారు ఒక్కరే ఉంటారు.
కంపు భరించలేకున్నామన్న అర్జీలో
మొదటి సంతకం ఆవిడది.
మొన్న మీటరు వంటింటి వెనకాలే చూస్తున్నాను,
చిమ్నీ గుయ్యిమంటోంది,
అయినా దాన్ని మించి వచ్చేసింది వాసన:
ఎండు నెత్తళ్లూ, లేత వంకాయా, చింతపండు.
నా నోట్లో మా అమ్మ కుండ ఉడికింది.
వెనక గోడ మీద నీలం ప్లాస్టిక్ బుట్ట,
దానికో తాడు,
తాడుకి జాలరి ముడి.
మా తాత వేసేవాడు ఆ ముడి,
నీళ్లు తాగేకొద్దీ బిగుస్తుంది.

ఆవిడ తలుపు సగమే తీశారు.
"బాబూ, చిమ్నీ ఎక్కువ తిరిగితే
బిల్లులో తెలుస్తుందా?"
తెలీదండీ, అన్నాను.
తెలుస్తుంది.
నూట నలభై రెండు యూనిట్లు.
ఈ వరస మొత్తానికి
మనిషున్నట్టు రుజువు అదొక్కటే.

మసక పడగానే దీపాలు వాటంతటవే వెలుగుతాయి,
ఖాళీ మేడలన్నిటికీ,
పిలిచేవాళ్లు లేకపోయినా లేచి నిలబడ్డట్టు.
దండగ అనుకునేవాణ్ణి.

కాసులమ్మ తాడు విప్పుకుంటూ అంది:
"బాబూ, ఆరో నంబరోల్లకి ఒక మాట సెప్పవా.
ఆల్ల మేడ మీద బుడ్డి మాడిపోయి రెండు నెల్లయినాది.
మా సిన్నోడు రాత్రేల ఈ దీపాల వరస సూసుకునే
ఒడ్డు కొడతాడు.
ఆరోది నేక పన్నూడినట్టుంది.
మొన్న మాపు పేట దాటి
కొండకాడికి పోయినాడు."

నా యంత్రంలో కోడులు నాలుగే:
తలుపు తాళం, మీటరు కాలింది,
మీటరు నిలిచింది, కుక్క ఉంది.
సముద్రంలోంచి కనబడటం లేదు
అనడానికి కోడు లేదు.

వెనక్కి నడిచాను.
కుర్రాడు మళ్లీ పేరు రాయించాడు.
ఆరో నంబరు గుమ్మంలో కూర్చుని
బిల్లు తిరగేసి, పెన్నుతో,
బల్బు మార్చండి అని రాశాను.
ఎందుకో రాయబోయి
చోటు చాల్లేదు.
చిన్న అక్షరాల్లో: పడవలు చూస్తున్నాయి.

సందులో దోపాను.
లోపల ఎక్కడో
పాత చీటీల మీద అది పడిన చప్పుడు.