కిరాయి గచ్చు

నాచారం షాపులో పిల్లాడు
టైలు మీద టైలు దించి చూపిస్తున్నాడు.
ఇది చెక్కలాగే ఉంటుంది మేడం,
ఇదైతే అద్దమే.
వంగి చూశాను.
నా ముక్కుపుడకే నన్ను చూసింది.

"మీరుండేదానికా, కిరాయికా?"
కిరాయికే అన్నాను.
అంతే, గొంతు మారింది.
వెనక గదిలోకి తీసుకుపోయాడు.
అక్కడన్నీ బూడిద రంగే.
మరక పడినా తెలియదట.
"అడుగు నలభై రెండు. కిరాయోళ్లకు ఇది చాలు మేడం."

చాలు అనే మాట
నాకు కొత్త కాదు.
చిలకలగూడలో పదకొండేళ్లు దాని మీదే పడుకున్నాం.
ఖాళీ చేసిన రోజు
ఓనరమ్మ మోకాళ్ల మీద కూచుని
గచ్చంతా వేలితో తడిమింది.
పొయ్యి పక్కన పగిలిన ఒక్క పలకకు
అడ్వాన్సులో పద్దెనిమిది వందలు కోసింది.
మేం దిగిననాడే ఉంది కదమ్మా ఆ పగులు, అన్నాం.
కాయితం మీద రాసుకున్నారా, అంది.

ఇప్పుడు మౌలాలీలో మూడు పోర్షన్లు నావి.
కింది పోర్షన్ ఖాళీ అయి నెల.
నిన్న ఒక్కదాన్నే తాళం తీసి
నేనూ మోకాళ్ల మీద కూచున్నాను.

వంటింటి మూల గ్యాసుబండ తుప్పు:
మూడు సున్నాలు, ఒకదాని అంచు మీద ఒకటి.
మూడు కాపురాలకీ బండ పెట్టడానికి
అదే చోటు తోచింది.
ఈ తెల్లమచ్చ యాసిడ్‌ది.
బ్యాచిలర్ పిల్లలు పోతూ పోతూ
నాకు భయపడి కడిగారు.
గడప దగ్గర పసుపు,
తస్లీమా పెద్దకూతురికి మాంజా పెట్టిన రోజుది.
ఎన్ని సబ్బులు పెట్టానో.
కిటికీ కింద నాలుగు అరుగుళ్లు.
కుట్టుమిషను ఎవరిదో గుర్తు రాలేదు.

మల్కయ్య మేస్త్రి వచ్చాడు.
సుత్తె పిడితో పలక పలకనూ కొట్టి
చెవి వంచి విన్నాడు,
పుచ్చకాయలు బేరం చేసేవాడిలా.
"టైలేం జేస్తవమ్మా? సిలిండర్ గుంజుతరు, అంచు లేస్తది.
ఒక్కటి పల్గితె ఆ డిజైన్ మల్ల దొర్కదు.
ఇది తాండూరు బండ. ఎవలో మనసు పెట్టి ఏసిండు.
తీసి తిర్లేస్త, పాలీషు కొడ్త.
కింది మొకం ఇంకెవ్వలు దొక్కలే."

గడ్డపార కింద పలక లేచింది.
అడుగున తడి ఇసుక, చీమల గుడ్లు,
ఎవరి పిల్లాడిదో ఒక గోలీ.
పలక వెనక బొగ్గుతో అంకె, నలభై ఏడు.
గనిలోనో లారీలోనో లెక్కపెట్టిన చెయ్యి
దాన్ని మళ్లీ చూస్తారనుకోలేదు.

అన్నీ తిరగలేదు.
నాలుగు చేతిలోనే విరిగాయి.
పసుపు పలకను నేనే వద్దన్నాను,
అది అలాగే ఉండనీ అని.
మల్కయ్య నన్ను వింతగా చూసి
బీడీ ముట్టించుకున్నాడు.

ఆదివారం చూడ్డానికి ఇద్దరొచ్చారు,
కొత్తగా పెళ్లైనవాళ్లు, చర్లపల్లిలో ఉద్యోగం.
"టైల్స్ లేవా ఆంటీ?"
లేవన్నాను.
వాళ్ల ముందే తెల్లకాయితం మీద రాశాను:
హాల్లో ఎడమ మూల పలక, వెంట్రుకంత పగులు, మునుపటిది.
గడప దగ్గర పసుపు, మునుపటిది.
బాత్రూం ముందు చిన్న ఎత్తు, మేస్త్రి తప్పు.
కింద సంతకం పెట్టి వాళ్లకిచ్చాను.
పోగొట్టుకోకండి అన్నాను.

ఆ అమ్మాయి చెప్పులు విప్పి
ఒక కాలు పెట్టి చూసింది.
ఐదు వందలు తగ్గించమంది.

తగ్గించలేదు.
అడ్వాన్సు మూడు నెలలు.