గురువారం

గున్సాన్ రేవు పక్క లాండ్రీలో
రాత్రి పదైనా మాల్సూన్ ఇస్త్రీ ఆపదు, టీవీ కట్టదు.

తెరమీద, పదకొండేళ్లకి,
ఒకే బస్టాపు, ఒకే వాన, వాళ్లిద్దరూ.
"అన్నేళ్లూ ఆ కోటుకి ఒక్క ముడతైనా పడలేదా!"
నవ్వుతుంది. ఆవిరి బుస్సుమంటుంది.

అతను అడుగుతాడు: ఎలా ఉన్నావు?
ఆమె పెదవి విప్పేలోగా
పేర్లు పడిపోతాయి.

మొన్న చలికాలం గ్యూతే వచ్చాడు, చేతిమీద తడికోటు.
ఎప్పటికవుతుంది? అన్నాడు.
గురువారం, అంది.
ముప్ఫై ఏళ్లకి, ఇద్దరికీ కలిపి రెండు మాటలు.
పేరు అడగకుండానే చీటీ రాసింది.
అతను చూశాడు.

గురువారం అతని కోడలొచ్చి పట్టుకెళ్లింది.
బొత్తాం కుట్టిన డబ్బులు మాల్సూన్ తీసుకోలేదు.

శనివారం మళ్లీ టీవీ ముందు,
ఎలా ఉన్నావంటే ఏమనాలో
ఆ పిల్ల చెబుతుందేమోనని.