తెల్లారగట్ల డబ్బా

వాగు దారిని కోసేసింది గనక
ఎక్స్‌రే యంత్రం గుర్రమ్మీద వచ్చింది
లెసోతో కొండల్లోకి, మా ఊరికి.
రెండు దుప్పట్లు చుట్టి, తాళ్లు బిగించి
బాలింతను తెచ్చినట్టు తెచ్చారు.
గుర్రం పేరు లెఫీఫీ. చీకటి అని అర్థం.
"చీకటే మోసుకొచ్చింది వెలుతుర్ని" అని
నర్సు మామోలియేహి నవ్వింది గానీ
ఇంకెవరూ నవ్వలేదు. చలి.

బడి గదిలో బల్లలు గోడకి జరిపాం.
నా పని రిజిస్టరు.
గడపగడపకీ తిరిగి నేనే రాసుకున్న
మూడొందల పన్నెండు పేర్లు.
పొడవు, బరువు, చేతికి పట్టీ బిగింపు, వేలి చివర సూది.
ఒక నెత్తురుబొట్టు షుగరుకి.
ఇంకోటి, మేం పేరు గట్టిగా పలకని దానికి.
దగ్గుందా, రాత్రిళ్లు చెమటలా, బట్టలు వదులవుతున్నాయా
అదే ప్రశ్న పొద్దుగూకేదాకా అడిగితే
నా బట్టలే వదులైనట్టనిపించింది.

మాతుమెలో వేలు చప్పరిస్తూ అంకె విన్నది.
"మూడు వారాలైంది నేను టీలో పంచదార చూసి.
ఇంట్లో లేనిది ఒంట్లో ఎక్కడిదే?
ఎవరిదో నాకు రాశావు, మళ్లీ చూడు."
మళ్లీ చూశాం. ఆమెదే.
దుప్పటికి పిన్ను పెట్టుకుంటూ
"పోన్లే, ఏదో ఒకటైనా నిండుగా ఉంది" అంది.

మొఖెలె రామొహాపి మాత్రం
పొద్దున్నుంచీ గొర్రెల దొడ్డి గోడమీదే.
లోపలికీ రాడు, ఇంటికీ పోడు.
దగ్గొచ్చినప్పుడు అటు తిరుగుతాడు,
కొండకి తప్ప ఎవరికీ వినపడకూడదన్నట్టు.

వెళ్లి పక్కన కూచున్నా.
అడక్కుండానే చెప్పాడు.
"పంతొమ్మిదేళ్లప్పుడు ఇలాగే వరసలో నిలబెట్టారు,
సరిహద్దు అవతల, బంగారు గనివాళ్లు.
బట్టల్లేకుండా, నలభై మందిమి.
పళ్లు చూశారు, గజ్జలు చూశారు,
వేడి గదిలో మెట్టు ఎక్కి దిగమన్నారు, ఎక్కి దిగమన్నారు.
నిలబడినవాడి మణికట్టుకి నంబరు.
పడినవాడికి ఇంటి బస్సు.
ఇరవయ్యారేళ్లు ఏటేటా చూశారు.
ఆఖరి ఏడు ఛాతీ బొమ్మ చూసి
డాక్టరు నాతో ఏమీ అనలేదు. గుమాస్తాతో అన్నాడు.
బస్సు టికెట్టు చేతిలో పెట్టారు.
పరీక్షంటే నాకు తెలుసు తల్లీ.
ఈసారి తప్పితే ఏం పట్టుకుపోతారు?
గాడిద ఒక్కటే ఉంది."

నా దగ్గర జవాబు లేదు. రిజిస్టరుంది.
తెరిచి చూపించా. ఇదిగో నీ గడి.
తప్పినా నెగ్గినా ఇందులో కొట్టివేత లేదు.
మాత్రలొస్తాయి, ఆరు నెలలు, నేనే తెస్తా.
"డబ్బెవరిది?"
నీది కాదు.
"ఆ మాట గనివాళ్లూ అన్నారు"
అంటూనే లేచాడు. లోపలికే.

తెరమీద తన ఊపిరితిత్తుల్ని
పొలం సరిహద్దు చూసుకున్నట్టు చాలాసేపు చూశాడు.
తెల్లటి మచ్చమీద వేలుపెట్టి
"పొద్దుపోయాక గేటు దగ్గర జేబులు తడిమేవాళ్లు,
చెప్పులు విప్పించేవాళ్లు.
ఇక్కడ వెతకనేలేదు" అన్నాడు.

దుమ్మో, క్షయో, రెండూనో
బొమ్మ చెప్పదు.
కళ్లె కావాలి, తెల్లారగట్లది, లోతునుంచి.
నర్సు మూతున్న డబ్బా ఇచ్చింది.

మంచు పడేలా ఉందని
మర్నాడు తెల్లవారకముందే ప్రయాణం.
లెఫీఫీకి జీను వేస్తుంటే వచ్చాడు,
దుప్పటి కింద రెండు చేతుల్తో
పొదుగుతున్న గుడ్డును తెచ్చినట్టు.
నా ఒక చేతిలో కళ్లెం, ఒక చేతిలో కళ్లె.
మూతమీద చీటీ చదవమన్నాడు.
ఎం. రామొహాపి, రెండొందల ఏడు.
అంకె కొట్టెయ్యమన్నాడు.
అంకె లేకపోతే ల్యాబులో తప్పిపోతుందన్నా.
ఆలోచించాడు. గుర్రం కాలు మార్చుకుంది.
"అయితే ఉండనీ.
పక్కన పేరు పూర్తిగా రాయి.
ఒక్కక్షరం మింగొద్దు."

చలికి పెన్ను పలకలేదు.
చంకలో పెట్టి వెచ్చజేసి రాశా.
రాస్తున్నంతసేపూ
దగ్గు ఆపుకొని నిలబడ్డాడు.