బారెడు మీద జానెడు

పొద్దున్న ఏడింటికి గేటు దగ్గర నిలబడతాను,
చేతిలో పిస్తోలు లాంటి థర్మామీటరు.
టే నది మీంచి వచ్చే గాలికి
నుదుళ్లన్నీ చేపల్లా చల్లబడి
ముప్పైమూడు, ముప్పైరెండున్నర అంటాయి.
లెక్క ప్రకారం
ఈ సైటులో ఎవరూ బతికి లేరు.
రాసుకుని లోపలికి పంపిస్తాను.

మొన్నటిదాకా నా తగువంతా
బిగించని బెల్టులతో, పైనుంచి జారే సుత్తులతో.
పడేదానికి బరువుంటుంది,
"తప్పుకో" అని అరవడానికి అరక్షణం వ్యవధి ఉంటుంది.
ఇప్పుడొచ్చినదానికి అవేవీ లేవు.
పద్నాలుగు పేజీల నిబంధనలున్నాయి.
గోడకి అతికిస్తే వానకి తడిసి
మూడో ప్రతిలోంచి రెండోది కనిపిస్తుంది.

మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్లు:
బారెడు మీద జానెడు.
వడ్రంగి ఎవాండర్ ఆ కొలతకి ఓ చెక్క కోసి
చివర్లకి ఎర్రరంగు పూసి
"రాజదండం" అని నా చేతిలో పెట్టాడు.

మర్నాడు అతనూ దోరినూ
జిప్సమ్ పలక చెరో కొసా పట్టుకుని మెట్లెక్కుతున్నారు.
పలక ఎనిమిది అడుగులు, దూరం సరిపోయింది.
మలుపు దగ్గర నిలబెట్టక తప్పదు,
ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరికొచ్చారు.
దండం ఎత్తాను.
"వదిలేయమంటారా?"
మాస్కులోంచి దోరిన్, మర్యాదగానే.
దించాను,
దండాన్ని.

క్యాంటీన్‌లో బల్లకొక్కడు,
గోడవైపు తిరిగి, బడిలో శిక్షపడ్డ పిల్లల్లా టీ తాగుతారు.
ఎనిమిది మంది పట్టే లిఫ్టులో ఇద్దరు.
నాకు బెంగలేనిది ఒక్క ముర్డో గురించే:
అరవై మీటర్ల పైన, క్రేన్ గాజుగదిలో,
పన్నెండేళ్లుగా ఏకాంతమే అతని ఉద్యోగం.
"ఇన్నాళ్లకి అందరూ నా దారికొచ్చారు"
అని రేడియోలో నవ్వేవాడు.

గురువారం, కాంక్రీటు బకెట్టు గాల్లో ఉండగా
ఆ నవ్వు రావలసిన చోట దగ్గు వచ్చింది.
ఇరవై రేడియోల్లోంచి ఒకేసారి.
అతని భార్య ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుతుంది.
నా పద్నాలుగు పేజీల్లో
ఆ సంగతి రాసుకునే గడి లేదు.

బకెట్టుని గుడ్డు దించినట్టు దించాడు.
తర్వాత అతను దిగాలి,
నూట తొంభై మెట్ల నిచ్చెన.
ఊపిరాడనివాణ్ని ఎక్కి పట్టుకోవాలని పాత నిబంధన.
దగ్గరికి పోకూడదని కొత్తది.
రెండింటి కిందా సంతకం నాదే.

బెల్టు బిగించుకుని ఎక్కాను.
అతని బూట్లకీ నా తలకీ మధ్య
బారెడు మీద జానెడు ఉంచుతూ
మెట్టు మెట్టుకీ వెంట దిగాను.
రిపోర్టులో అలాగే రాశాను.
నలభయ్యో మెట్టు దగ్గర అతని మోకాలు వణికింది.
ఆ మెట్టు గురించి రిపోర్టులో లేదు.

ఇవాళ శుక్రవారం. ఇంట్లో వెచ్చగా ఉంది,
నా నుదురు ముప్పైఆరు ఎనిమిది అంటోంది.
కిటికీలోంచి డండీ ఇళ్లకప్పుల మీద
మనిషి లేని క్రేన్ కనిపిస్తోంది.
బ్రేకు వదిలేసి వచ్చాం,
గాలి ఎటు వీస్తే అటు తిరుగుతోంది.

ఎవాండర్ ఫోన్ చేశాడు:
పిస్తోలు తన చేతికిచ్చారట, అందరూ చచ్చినట్టే చూపిస్తోందట.
"మరి ఆ చెక్క?"
మెట్ల మలుపు దగ్గర
గోడకి ఆనించమన్నాను.