తరుగు

మా దిక్కు వడ్లు కాంటా పెట్టేటప్పుడు
బస్తాకు రెండు కిలోలు తరుగు తీసేటోళ్లు.
తాలు, తేమ, మట్టి, ఎన్ని పేర్లో చెప్పేటోళ్లు.
దొంగతనం అన్న మాట మాత్రం
కాంటా కాడ ఎవ్వల నోట్లకెల్లి రాకపోయేది.

ఇక్కడ షార్జాల, ఇండస్ట్రియల్ ఏరియాల
హైపర్ మార్కెట్‌ల స్టాకు లెక్కపెట్టే కొలువు నాది.
ఇక్కడా తరుగు ఉంటది.
దానికి పేరే ఒక్కటి.

శుక్రవారం పొద్దుమీకి సజ్జా క్యాంపుల బస్సులు ఆగుతయ్.
సాజన్ సారు వాకీటాకీల "బస్సొచ్చింది" అంటడు.
అంతే.
తిలక్ బహదూర్ స్టూలు మీదికెల్లి లేస్తడు.
సబ్బుల వరుసల నీలం చొక్కాల ఎనకాల
తన నీడకు తానే సిగ్గువడ్డట్టు నడుస్తడు.
బిల్లు కాడ ఒకామె, బండి నిండ సామాను,
పక్కామెతోని అంటది:
వీళ్లొచ్చినంక సగం షాపు మాయమైతుందట.
ఎవరన్నరు?
అందరూ అంటున్నరు.

షట్టర్ దించినంక నేను
ఆ సగం షాపును ఎతుకుత.

పెరుగు డబ్బాలు ముప్పై ఆరు. తారీఖు దాటితే పారేసిండ్రు, రాయలే.
షాంపూలు బిల్లుల నలభై ఎనిమిది, అట్టడబ్బల నలభై ఆరు,
టేపు ఇంకా విప్పనే లేదు.
టూనా చేపల పెట్టె ఒకటి రెండుసార్లు లెక్కవడ్డది,
అది నా చెయ్యే, రంజాన్ నెల, రాత్రి రెండు గంటలు,
కండ్లు మూతలు వడుతుండె.
ఎలుకలు కొరికిన బిస్కట్లు ఒక వరుస.
ఎలుకలు ఏ బస్సుల వస్తయో సారు ఇంక చెప్పలే.

దొంగతనమే లేదని అంటలేను.
మూడేండ్లల్ల నా కండ్లతోని రెండు చూసిన.
ఒకటి, గడ్డం బ్లేడ్ల ప్యాకెట్.
రెండోది చెప్ప.
ఆయన మా ఆఫీసుల కూసోని చాయ్ తాగుతడు.

పోయిన వారం రాజలింగును గేటు కాడ ఆపిండ్రు.
కొబ్బరినూనె సీసకున్న బిళ్ల తీసుడు
బిల్లు కొట్టే పిల్ల మర్చిపోయింది.
గేటు కూసింది. అందరూ మెడలు తిప్పిండ్రు.
ఆయన లొల్లి పెట్టలే.
అంగీ లోపలి జేబుల నుంచి ప్లాస్టిక్ కవరు తీసిండు,
రబ్బరు బ్యాండు ఇప్పిండు.
నాలుగేండ్ల బిల్లులు. కొన్న ప్రతి సబ్బుకు, ప్రతి బనీనుకు.
తిలక్ ఒక్కొక్కటి లైటుకు పట్టి చూసిండు.
అన్నీ తెల్లగున్నయ్.
చెమటకు, ఎండకు
అచ్చు ఎప్పుడో ఎగిరిపోయింది.

నా కంప్యూటర్‌ల కారణం రాయనీకి నాలుగు గడులు:
పగిలింది, తారీఖు దాటింది,
వాపసు పోయింది, దొంగతనం.
తెల్వదు అన్న గడి లేదు.
ఖాళీ వదిలితే తెర ముందలికి జరగదు.
తెల్లారితే ట్రక్కొస్తది, రూముకు పోవాలె.
నాలుగోది నొక్కుత.

సోమవారం మీటింగుల సాజన్ సారు కాగితం ఊపిండు,
దొంగతనాలు రెండింతలు పెరిగినయట.
ఇంకో కెమెరా వస్తదట, సబ్బుల వరుసకు.
ఆ అంకె యాడికెల్లి పుట్టిందో
ఆ రూముల నా ఒక్క ఏలికే ఎరుక.
అది బల్ల కింద ఉన్నది.

నిన్న రాజలింగు మళ్లొచ్చిండు.
బిల్లు తీసుకున్నంక ట్రాలీల పక్కన కూలబడి
నన్ను బాల్‌పెన్ను అడిగిండు.
తెల్లబడకముందే ఆ అచ్చు మీదనే
వంకర అక్షరాలతోని రాసుకుంటుండు:
నూనె సీస ఒకటి. కొన్న.
బనీన్లు రెండు. కొన్న.