సున్నం ఆరకముందే

గోదావరిఖనిల గోడలు రాస్త నేను.
అక్షరానికి పద్దెనిమిది రూపాయలు,
ఒత్తులకు, దీర్ఘాలకు వేరే లెక్క లేదు.
అందుకే యూనియన్ ఆఫీసు సదానందం
'కార్బన్ పన్ను' అనకు, పొడుగైతది,
'బొగ్గు పన్ను వద్దు' అని కొట్టు, అన్నడు.

పొద్దుగాల గని తొవ్వల పాత క్వార్టరు గోడ మీద
ఎర్రరంగుతోటి రాసిన. 'వద్దు' మనిషెత్తు.
మొదటి షిఫ్టోళ్లు నడుస్తనే చదివి
ల్యాంపు రూముకు పోయిండ్రు.

పగటీలి అదే గోడకు అవతలి పక్క
బూడిద చెరువు ఊరి పిల్ల, పేరు సుప్రజ,
చున్నీ మూతికి కట్టుకోని వచ్చి
నలిగిన నోట్లు లెక్కబెట్టి ఇచ్చింది:
'పొగకు వెల కట్టాలె.'
ఆకుపచ్చ అడిగింది. నా కాడ లేదు.
నీలం, పసుపు కలిపిన.
ఆరినంక పాచి రంగుకు తిరిగింది. ఏమనలే.

ఒక్క ఇటుక మందం.
అటు వద్దు, ఇటు కావాలె.
నిచ్చెన మాత్రం ఒకటే, రెండు దిక్కులా మోసేది నేనే.

రాత్రి మా నాయిన అడిగిండు, ఏం రాసినవురా ఓదెలూ?
పన్ను గురించి, అన్న.
నోరు తెరిచి చూపిండు:
'రెండే ఉన్నయి బిడ్డా. ఏది పీకుతరట?'
ఇరవై తొమ్మిదేండ్లు తట్టా చెమ్మస్ పట్టి
అన్‌ఫిట్ అయిన మనిషి.
ఆయన ఎక్స్‌రేను డాక్టరు కిటికీకి పట్టినప్పుడు చూసిన.
అదీ ఒక గోడే.
నాకంటె ముందే ఎవడో రాసిపోయిండు.
మీద సున్నం పట్టదు.

టీవీల రోజూ లొల్లి.
పన్ను కట్టేది కంపెనీ, నువ్వు కాదంటడు ఒకాయన.
కంపెనీ కట్టేది నీ కరెంటు బిల్లుల నుంచే అంటడు ఇంకొకాయన.
వసూలైన పైసలు మళ్ల మీ ఖాతాలనే ఏస్తమని మూడో ఆయన.
రంగుడబ్బా పట్టే మా అజ్మత్ అడుగుతడు:
మళ్ల ఇచ్చేదానికి తీసుకునుడెందుకన్నా?
నాకూ సరిగ తెల్వదు.
బ్రష్షు కడుగుపోరా, అన్న.

ఎంపీ వచ్చే ముందురోజు ఫోను:
'పన్ను' చెరిపి 'సెస్సు' అని రాయి.
రెండూ రెండక్షరాలే, నాకేం మిగలలే.
రాత్రి పదింటికి ఇంకో ఫోను:
'రుసుము' అను, మెత్తగ ఉంటది.
పద్దెనిమిది రూపాయల మెత్తన.
తెల్లారి సభల ఆయన మూడిట్ల ఒక్కటి గూడ పలకలే.
మన బొగ్గు, మన పిల్లలు, మన ఆకాశం అన్నడు.
అటోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. ఇటోళ్లూ కొట్టిండ్రు.

నన్నెవ్వరు అడగలే.
అడిగితే చెప్పేది ఇదొక్కటే:
నేను పని నేర్చిన ఏడు
సున్నం కొట్టిన గోడ పొద్దుగూకేదాక తెల్లగ ఉండె.
ఇప్పుడు ఆరకముందే ఏలు పెడితే
ఏలికి నలుపు అంటుతది.
ఇది వద్దుల లెక్కనో, కావాలెల లెక్కనో
సదానందం చెప్పాలె, సుప్రజ చెప్పాలె.
ఆ నలుపు మీదనే మా ఇంట్ల బియ్యం ఉడికినయి.
అది గూడ రాసుకోండ్రి. దానికి పైసలడగ.

మొన్న రెండున్నరకు ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగు.
గోడ అదిరి నెర్రెబట్టింది,
ఎర్ర 'వద్దు' మీదికెల్లి పాచి 'వెల' దాక, ఆరుపారు.
క్వార్టర్ల పిల్లలకు ఆట దొరికింది:
అటు ఒకడు గోళీ తోస్తే
ఇటు ఒకడు దోసిలి పట్టి కూసుంటడు.

ఢిల్లీల బిల్లు కమిటీకి పోయిందట.
నా బిల్లు గూడ.
సగం ఇచ్చి, మిగిలింది ఎలక్షన్లైనంక అన్నడు సదానందం.
నెర్రె పూడ్సి, గోడ మొత్తం తెల్లగ చెయ్యమన్నరు,
ఈసారి ఏం రాయాల్నో ఇంకా తెల్వదట.

సిమెంటు కలిపి మెత్తేటప్పుడు
లోపల ఏందో టక్కుమన్నది.
గోళీ. నీలందో, పచ్చదో, కనవడలే.
తీద్దామంటే ఏలు పట్టలే.
మీద సున్నం కొట్టిన.