గోరు దిగని గీత

అంతర్వేది వైపు ఆ పుంతని
దారి అనడం మర్యాదకే.
అటు రొయ్యల చెరువు, ఇటు మురుగు బోదె,
మధ్యన నా బండి పట్టీ పట్టనంత గట్టు,
బండికి బెత్తెడు దూరంలో మొగలి.

మొగలాకుకి మూడు వరసల ముళ్ళు.
అంచులకి రెండు, నడుమ ఈనె వెంట ఒకటి.
పువ్వు కోసుకున్నవాళ్ళకి వాసన గుర్తుంటుంది,
నాకు చప్పుడు గుర్తుంటుంది.
కీచుమని,
పలక మీద మేకుతో గీసినట్టు,
ముందు డోరు మొదలు డిక్కీ దాకా.

ముప్పై ఆరు కిస్తీల్లో పదకొండు కట్టాను.
మిగతా ఇరవై ఐదు కిస్తీల తెలుపు
ఇంకా ఫైనాన్సు వాళ్ళదే.

అందుకని చెయ్యని పని లేదు.
మేత సంచులు విప్పి, జోడించి కుట్టించి
సైకిల్ ట్యూబులతో డోర్లకి బిగించాను.
సంచికీ రంగుకీ మధ్య ఇసక దూరింది.
వారం తిరిగేసరికి
ముల్లు చెయ్యని పని సంచి చేసిపెట్టింది:
గరుకు కాయితం రుద్దినట్టు మసక.
రాజోలులో పెయింటు షెడ్డు ఖాసిం నవ్వాడు.
"ముందు కడగాలయ్యా.
దుమ్ము మీద ఏం కప్పినా
దుమ్ము చేతికి రంపం ఇచ్చినట్టే."
తర్వాత అద్దంలాంటి ఫిల్ము తెచ్చి అంటించాడు,
డబ్బు చాలక ముందు డోర్లు రెండిటికే.
వెనక భాగం దేవుడికి వదిలేశాం.

మలుపు ముందు సైడు అద్దాలు మడిచేవాణ్ణి.
తెల్లారగట్ల మంచు బరువుకి మట్టలు వాలి ఉంటాయి,
ఎండ ఎక్కితే కాస్త లేస్తాయి.
పోటు చూసి పడవ తీసేవాడిలా
పొద్దు చూసి బండి తీసేవాణ్ణి.

నూకరత్నం నాలుగో చెరువు దగ్గర మేత జల్లుతుంది.
రోజూ నా బండే ఎక్కేది.
మొగలి మలుపు రాగానే "ఆపు" అనేది.
దిగి, కుచ్చిళ్ళు బొడ్లో దోపి,
ఎడం చేత్తో మట్టలన్నీ వెనక్కి విరిచి పట్టి
కుడిచేత్తో రమ్మని ఊపేది,
పెళ్ళివారి బండికి దారిస్తున్నట్టు.
నేను మొదటి గేరులో,
ఊపిరి బిగబట్టి.
బండి దాటాక వదిలేది.
ఆకులన్నీ ఒక్కసారి
వట్టి గాలిని కొట్టేవి.

మూడు నెలలు.
ఖాసిం బండి చుట్టూ తిరిగి
బొటనవేలి గోరు అడ్డంగా నడిపించాడు.
గోరు జారిపోతే పైపై గీత, పాలిష్‌తో పోతుంది.
గోరు ఆగితే లోతు.
"ఎక్కడా ఆగట్లేదు. నీ అంత జాగ్రత్తపరుణ్ణి చూళ్ళేదు."
నిజమే అనుకున్నాను నేనూ.

మర్నాడు రేవు దగ్గర టీ తాగుతోంది ఆవిడ.
గ్లాసు పట్టుకున్నది ఎడం చేత్తో.
మణికట్టు నుంచి మోచెయ్యి దాకా
నల్లటి ఒంటి మీద తెల్లటి గీతలు,
పాతవాటి మీంచి కొత్తవి,
రెండుచోట్ల ఇంకా పచ్చి పెచ్చు.
నా బొటనవేలు నాకు తెలీకుండానే
స్టీరింగు మీద అటూ ఇటూ కదిలింది.

"చెయ్యంతా అదేంటి?" అన్నాను,
తెలీనట్టు.
"ఏం, దీనికీ కిస్తీలు కట్టాలేటి?" అని
గ్లాసు కడిగి బోర్లించింది.

రబ్బరు తొడుగు కొనిచ్చాను.
ఉక్కపోస్తోందని తీసి
దాంతో మేత కొలుస్తోంది.
కత్తి తీసుకెళ్ళి మలుపు నరకబోయాను.
చెరువు కామందు గట్టు మీదే కేకేశాడు:
"మొగలేరు పట్టబట్టే ఈ గట్టు నిలబడింది,
కొట్టావంటే నీ బండీ నా రొయ్యా బోదెలోకే."

మొన్న మలుపు వచ్చింది.
"ఆపు" అంది.
ఆపలేదు.
రెండో గేరులోనే పోనిచ్చాను.
కీచుమంది.

నాలుగో చెరువు దగ్గర దిగి
వెనక డోరు చూసి
నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.
"తెల్లటి బండి! బుద్ధుందా నీకు?
ఆపమంటే ఆపడానికి ఏం రోగం?"
కొంగు కొస నోట్లో తడిపి
గీత మీద రుద్దుతూనే ఉంది,
పోతుందేమోనని,
మేతకి వేళవుతున్నా.